గ్రాఫిక్స్ కార్డ్ కీచుమంటోందా? కాయిల్ వైన్‌ని ఇంట్లోనే ఇలా తగ్గించుకోండి

కొత్త గ్రాఫిక్స్ కార్డ్ పెట్టిన మొదటి రాత్రి. గేమ్ డౌన్‌లోడ్ అయింది, సెట్టింగ్స్ అన్నీ అల్ట్రాలో పెట్టాను, హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాను. ఐదు నిమిషాలు కూడా కాలేదు, వెనక నుంచి చెల్లి భుజం తట్టింది. "అన్నయ్యా, గదిలోకి కీచురాయి దూరినట్టుంది. ఎక్కడుందో చూడు, చదువుకోలేకపోతున్నా."

మా ఇంట్లో నా పీసీ, చెల్లి చదువుకునే టేబుల్ ఒకే గదిలో ఉంటాయి. తను ఇంటర్ సెకండియర్, ఈఏపీసెట్‌కి ప్రిపేర్ అవుతోంది. హెడ్‌ఫోన్స్ తీశాక నాకూ వినిపించింది, సన్నగా 'కీ...' అని. మంచం కింద చూశాం, కిటికీ దగ్గర చూశాం. చివరికి గేమ్ మినిమైజ్ చేయగానే కీచురాయి గప్‌చుప్ అయిపోయింది. గేమ్ ఓపెన్ చేస్తే మళ్లీ మొదలు. అది పురుగు కాదు, నా కార్డే!

నాన్నని పిలిచి వినమంటే, "నాకేం వినపడట్లేదురా, మీ ఇద్దరిదీ భ్రమ" అనేసి వెళ్లిపోయారు.

దీన్నే కాయిల్ వైన్ అంటారు. దీన్ని తగ్గించడానికి నేను చేసిన పనులన్నీ తలకిందులుగా చేశాను. చివర కూడా చేయకూడనిది మొదట చేశాను, పైసా ఖర్చు లేనిది ఆఖర్న చేశాను. ఫలితంగా వారంటీ పోగొట్టుకున్నాను. మీకు అలా జరగకూడదు కాబట్టి, ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు వద్దు అనేది వరుసగా చెప్తాను.

అసలు ఈ శబ్దం ఎక్కడి నుంచి వస్తుంది?

పాత ట్యూబ్‌లైట్ గుర్తుందా? దాని పట్టీలో బరువుగా ఒక చోక్ ఉండేది. కొన్ని ఇళ్లలో అది రాత్రంతా 'గుయ్' మంటూనే ఉండేది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడినా అదే శబ్దం. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. ప్రతి మార్పులో రెండేసి సార్లు లోపలి ఇనుప కోర్ అతి కొద్దిగా సాగి, ముడుచుకుంటుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మనేది ముఖ్యంగా 100 హెర్ట్జ్ దగ్గర.

గ్రాఫిక్స్ కార్డ్ మీద కూడా చోక్‌లు ఉంటాయి. పేరు కూడా అదే. చిప్ చుట్టూ వరుసగా కనిపించే బూడిదరంగు చిన్న డబ్బాలు అవే. పవర్ సప్లై నుంచి 12 వోల్టులు వస్తాయి, చిప్‌కి కావాల్సింది దాదాపు 1 వోల్టు మాత్రమే. ఆ 12ని 1కి దించే సర్క్యూట్‌లో ఈ చోక్‌లది పెద్ద పాత్ర. 200 వాట్లు దాటిన కార్డ్ అయితే, ఆ ఒక్క వోల్టు దగ్గర చిప్‌లోకి వందకు పైగా ఆంపియర్లు పోతుంటాయి. ఇంట్లో ఏసీకి పెట్టే పెద్ద ప్లగ్ 16 ఆంపియర్లది అని గుర్తు చేసుకోండి. వోల్టేజ్ తక్కువ కాబట్టి రెండూ ఒకటి కాదు, కానీ ఆ చిన్న డబ్బాల్లో ఎంత కరెంటు పరిగెడుతుందో ఒక అంచనా వస్తుంది.

అంత కరెంటు ఒక్కసారిగా పెరిగి, తగ్గితే తీగ చుట్టలు, కోర్ వణుకుతాయి. ఆ వణుకే మనకి వినిపించే కీచు. చోక్‌లతో పాటు బోర్డ్ మీద ఉండే సెరామిక్ కెపాసిటర్లకి కూడా ఇందులో వాటా ఉంటుంది. వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కితే లోపలి స్ఫటికం ఒత్తిడికి స్పార్క్ ఇస్తుంది కదా. కెపాసిటర్లలో దానికి రివర్స్ జరుగుతుంది: వోల్టేజ్ మారినప్పుడల్లా అవి కాస్త ఉబ్బి, తగ్గి, బోర్డ్‌ని కూడా కదిలిస్తాయి.

ఇక్కడ ఒక డౌట్ రావాలి. కార్డ్‌లోని ఈ సర్క్యూట్ సెకనుకి లక్షల సార్లు ఆన్ ఆఫ్ అవుతుంది. మన చెవి ఎంత బాగున్నా 20 వేల హెర్ట్జ్ దాటితే వినపడదు. మరి మనకెలా వినిపిస్తోంది?

సమాధానం ఫ్రేముల్లో ఉంది. చిప్ ఒక ఫ్రేమ్ గీసేటప్పుడు ఫుల్లుగా పనిచేస్తుంది, పూర్తికాగానే క్షణంలో వందో వంతు కన్నా తక్కువ సేపు ఊపిరి పీల్చుకుంటుంది, మళ్లీ మొదలుపెడుతుంది. దాంతో పాటు కరెంటు కూడా పైకీ కిందకీ ఊగుతుంది. గేమ్ మెనూలో 800 ఎఫ్‌పీఎస్ వస్తోందంటే, సెకనుకి 800 సార్లు ఊగుతోందన్నమాట. అది పూర్తిగా మన చెవికి అందే రేంజ్. ఇక ఒక్కో ఫ్రేమ్ లోపల కూడా నీడలు, వెలుతురు, ఎఫెక్ట్స్ అంటూ చాలా దశలుంటాయి. వాటివల్ల ఇంకా సన్నటి స్వరాలు పుడతాయి.

ఈ ఒక్క విషయం అర్థమైతే సగం సమస్య తీరినట్టే. వణికేది చోక్ అయినా, వణికించేది కరెంటు ఊపు. ఊపు తగ్గిస్తే కీచు తగ్గుతుంది. చోక్‌ని ముట్టుకోవాల్సిన పనే లేదు.

నాన్నకి ఎందుకు వినపడలేదు? వయసు పెరిగే కొద్దీ ముందు పోయేది సన్నటి శబ్దాలు వినే శక్తే. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్లు "ఏమీ లేదు" అన్నా, షాప్‌లో అంకుల్ "బానే ఉంది కదా బాబూ" అన్నా, మీరు అబద్ధం చెప్తున్నట్టు కాదు, వాళ్లు చెప్పేది కూడా అబద్ధం కాదు.

కార్డ్ పాడైపోతుందా?

మామూలు కాయిల్ వైన్ వల్ల కార్డ్ పాడవదు, స్పీడ్ కూడా తగ్గదు. ఒకే మోడల్ కార్డ్‌లు రెండు కొంటే ఒకటి నిశ్శబ్దంగా, ఇంకొకటి కీచుమంటూ ఉండొచ్చు. అయితే కాలిన వాసన, 'చిట్ చిట్' మనే స్పార్క్ శబ్దం, స్క్రీన్ మీద పిచ్చి గీతలు వస్తే అది కాయిల్ వైన్ కాదు. వెంటనే ఆపేసి, ప్లగ్ తీసేయండి.

ముందు దొంగ ఎవరో కనుక్కోండి

కార్డే అని ఫిక్స్ అయిపోయే ముందు ఈ నాలుగు చూడండి.

1. ఫ్యాన్ కాదు కదా? ఫ్యాన్ శబ్దం మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గుతుంది. కాయిల్ వైన్ మాత్రం గేమ్‌లో మెనూ తెరిచిన క్షణంలోనే స్వరం మారిపోతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో ఫ్యాన్ స్పీడ్‌ని కాసేపు పెంచి, తగ్గించి చూడండి. శబ్దం దాంతో పాటు మారితే అది ఫ్యానే.

2. పవర్ సప్లై కాదు కదా? న్యూస్‌పేపర్‌ని గొట్టంలా చుట్టి, ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసని ఒకసారి కార్డ్ వైపు, ఒకసారి పవర్ సప్లై వైపు తిప్పండి. ఎటు గట్టిగా వినిపిస్తే అటే దొంగ. తిరిగే ఫ్యాన్‌లకి దూరంగా ఉంచండి, ఇనుప గొట్టాలు మాత్రం వాడొద్దు.

3. హెడ్‌ఫోన్స్‌లో మాత్రమే వస్తోందా? అలా అయితే అది వేరే రోగం. కార్డ్ లోడ్ వల్ల వచ్చే ఎలక్ట్రికల్ నాయిస్ సౌండ్ లైన్‌లోకి దూరుతోంది. క్యాబినెట్ ముందున్న జాక్ బదులు మదర్‌బోర్డ్ వెనక జాక్ వాడి చూడండి. అప్పటికీ పోకపోతే చిన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ పెట్టి చూడండి.

4. కరెంటు పోయినప్పుడే వస్తోందా? ఇది మన ఇళ్లలో ఎక్కువ. చవక యూపీఎస్‌లు, పాత ఇన్వర్టర్లు బ్యాటరీ మీద నడిచేటప్పుడు నున్నటి సైన్ వేవ్ బదులు మెట్లు మెట్లుగా ఉండే వేవ్ ఇస్తాయి. దానికి పీసీ పవర్ సప్లై గుర్రుమనొచ్చు. ఇది గ్రాఫిక్స్ కార్డ్ తప్పు కాదు. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

నా విషయంలో పేపర్ గొట్టం నేరుగా కార్డ్ వైపే చూపించింది. ఇక చికిత్స మొదలుపెడదాం.

స్టెప్ 1: ఎఫ్‌పీఎస్‌కి కళ్లెం వేయండి

మీ మానిటర్ 144 హెర్ట్జ్ అయితే సెకనుకి 144 బొమ్మలే చూపించగలదు. కార్డ్ 400 గీసినా మిగతావి మీరు చూడరు, వాటి కోసం కరెంటూ వేడీ కీచూ మాత్రం మీవే. కాబట్టి క్యాప్ పెట్టండి.

ఎన్‌విడియా కార్డ్ అయితే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో 'మేనేజ్ 3డీ సెట్టింగ్స్'కి వెళ్లి, 'మ్యాక్స్ ఫ్రేమ్ రేట్' ఆన్ చేయండి. 144 హెర్ట్జ్ మానిటర్‌కి 141 పెట్టండి. జీ-సింక్ వాడేవాళ్లు రిఫ్రెష్ రేట్ కంటే కొంచెం కిందే ఉంచడం మంచిది. 60 హెర్ట్జ్ మానిటర్ అయితే 60 చాలు.

ఏఎండీ కార్డ్ అయితే అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో 'రేడియాన్ చిల్' లేదా 'ఫ్రేమ్ రేట్ టార్గెట్ కంట్రోల్' వాడుకోండి.

రెండూ కాదనుకుంటే, ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో పాటు వచ్చే రివాట్యూనర్‌లో 'ఫ్రేమ్‌రేట్ లిమిట్' ఉంటుంది. అది ఏ కార్డ్‌కైనా పనిచేస్తుంది.

మెనూలని మర్చిపోవద్దు. గేమ్ ఆడేటప్పుడు కన్నా మెనూలోనే కీచు ఎక్కువగా ఉండడానికి కారణం, అక్కడ గీయడానికి ఏమీ లేక ఎఫ్‌పీఎస్ ఆకాశానికి పోవడం. ఇది ఇవాళ్టి సమస్య కాదు. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 వచ్చినప్పుడు మెనూ స్క్రీన్లలో కార్డ్‌లు వేడెక్కిపోతుంటే, కాన్ఫిగ్ ఫైల్‌లో రెండు లైన్లు చేర్చి గేమ్‌ని 60కి, మెనూని 30కి కట్టేయమని బ్లిజార్డ్ స్వయంగా చెప్పింది. ఇప్పుడు చాలా గేమ్‌ల సెట్టింగ్స్‌లోనే మెనూకి విడిగా లిమిట్ ఉంటుంది. అది ఆన్ చేసేయండి.

ఒక్క మాట. వాలరెంట్, సీఎస్ 2 లాంటి గేమ్‌లు సీరియస్‌గా ఆడేవాళ్లకి ఎక్కువ ఎఫ్‌పీఎస్ వల్ల ఇన్‌పుట్ ల్యాగ్ కొద్దిగా తగ్గుతుంది. వాళ్లు ఆ గేమ్‌లకి మాత్రం క్యాప్ కాస్త ఎక్కువ పెట్టుకుని, మిగతా అన్నింటికీ తక్కువ పెట్టుకోవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రతి గేమ్‌కీ విడిగా సెట్ చేసే వీలుంది.

స్టెప్ 2: అండర్‌వోల్ట్

నా అనుభవంలో క్యాప్ తర్వాత బాగా పనిచేసింది ఇదే. కంపెనీలు ప్రతి చిప్‌కీ సేఫ్టీ కోసం కాస్త ఎక్కువ వోల్టేజ్ ఇచ్చి పంపుతాయి. చాలా చిప్‌లు అంతకంటే తక్కువతోనే దాదాపు అదే స్పీడ్‌లో నడుస్తాయి. చిప్ తినే పవర్‌లో పెద్ద భాగం వోల్టేజ్ వర్గాన్ని బట్టి మారుతుంది. 1.05 వోల్టుల నుంచి 0.90కి దించితే, అదే స్పీడ్ దగ్గర లెక్క ప్రకారం ఆ భాగం నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. ఊగే కరెంటు తగ్గితే కీచు కూడా తగ్గుతుంది.

ఎన్‌విడియా కార్డ్‌కి ఆఫ్టర్‌బర్నర్‌లో ఇలా చేయండి:

1. ముందు ఒక గేమ్ పావుగంట ఆడి, మీ కార్డ్ మామూలుగా ఎంత మెగాహెర్ట్జ్‌లో, ఎన్ని మిల్లీవోల్టుల దగ్గర నడుస్తోందో రాసుకోండి.
2. కోర్ క్లాక్ స్లైడర్‌ని మైనస్ 250 దగ్గరికి తెచ్చి అప్లై కొట్టండి.
3. కంట్రోల్ కీ, ఎఫ్ కీ కలిపి నొక్కితే ఒక గ్రాఫ్ తెరుచుకుంటుంది. కింద మిల్లీవోల్టులు, పక్కన మెగాహెర్ట్జ్.
4. 925 దగ్గరి చుక్కని పట్టుకుని, మీరు రాసుకున్న స్పీడ్ కంటే 50 నుంచి 100 మెగాహెర్ట్జ్ తక్కువ దాకా పైకి లాగండి. అప్లై కొట్టగానే దాని కుడివైపు గీత బల్లపరుపుగా అయిపోతుంది. ఇక కార్డ్ ఆ వోల్టేజ్ దాటదు.
5. గంట సేపు బరువైన గేమ్ ఆడండి. క్రాష్ అయితే వోల్టేజ్ ఒక మెట్టు పెంచండి, లేదా స్పీడ్ కొంచెం తగ్గించండి.

క్రాష్ అయితే కంగారు పడకండి, రీస్టార్ట్ చేస్తే పాత సెట్టింగ్స్ వచ్చేస్తాయి. అందుకే రెండు మూడు రోజులు స్టేబుల్‌గా నడిచేదాకా 'విండోస్‌తో పాటు అప్లై' బటన్ నొక్కొద్దు.

ఇదంతా తలనొప్పి అనిపిస్తే, పవర్ లిమిట్ స్లైడర్‌ని 100 నుంచి 80కి తగ్గించండి చాలు. స్పీడ్ కొంచెం పోతుంది కానీ పని ఒక్క నిమిషంలో అయిపోతుంది. కొన్ని రేడియాన్ కార్డ్‌లలో అయితే అడ్రినలిన్‌లోని ట్యూనింగ్ పేజీలో ఆటోమేటిక్ అండర్‌వోల్ట్ బటన్ కూడా ఉంటుంది.

స్టెప్ 3: క్యాబినెట్ ఎక్కడుంది?

టేబుల్ మీద, చెవికి అడుగు దూరంలో గ్లాస్ ప్యానెల్ తీసేసి పెడితే ఏ కార్డైనా వినిపిస్తుంది. సన్నటి శబ్దాలకి ఒక గుణం ఉంది, మధ్యలో ఏదైనా అడ్డొస్తే అవి తేలిగ్గా తగ్గిపోతాయి. కాబట్టి ప్యానెల్ మూసి, క్యాబినెట్‌ని టేబుల్ కిందకి, మీకు కాకుండా పక్కకి తిరిగేలా పెట్టండి. గోడ మూలలో దూర్చొద్దు, శబ్దం గోడకి కొట్టి తిరిగొస్తుంది, గాలి కూడా ఆడదు. దుప్పటి కప్పే ఆలోచన అస్సలు వద్దు. మన వేసవిలో గది 40 డిగ్రీలకి దగ్గరవుతుంటే కార్డ్‌కి గాలే ప్రాణం.

స్టెప్ 4: పవర్ సప్లై మార్చడం

వేరే పవర్ సప్లై పెడితే కొందరికి కీచు తగ్గుతుంది, కొందరికి అస్సలు తేడా ఉండదు. అందుకే ముందే కొనేయకండి, ఫ్రెండ్ దగ్గర ఒక పూట అడిగి తెచ్చి చూడండి. ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం ఉంది: మాడ్యులర్ పవర్ సప్లై అయితే దాని కేబుళ్లు దానికే వాడాలి. ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ దాంట్లో సరిగ్గా దూరినా లోపలి పిన్‌ల వరుస వేరుగా ఉండొచ్చు. అలా పెడితే కార్డ్, ఎస్ఎస్‌డీ ఒక్క క్షణంలో కాలిపోయే ప్రమాదం ఉంది.

అస్సలు చేయకూడనివి (నేను చేసింది ఇదే!)

రెండో రోజు రాత్రి ఒక వీడియో చూశాను. చోక్‌ల మీద జిగురో నెయిల్ పాలిషో పూస్తే వణుకు ఆగిపోతుందట. చెల్లి నెయిల్ పాలిష్ తీసుకుని, స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నా. ఒక స్క్రూ మీద చిన్న స్టిక్కర్ ఉంది. ఏముందిలే అని పొడిచేశా. కూలర్ ఊడదీసి చూస్తే, నేనూహించుకున్న తీగ చుట్టలు ఎక్కడా లేవు. అన్నీ నాలుగు వైపులా మూసేసిన డబ్బాలే! ఈ కాలం కార్డ్‌లలో చోక్‌లు ఎక్కువగా ఇలా సీల్ అయ్యే వస్తాయి. పైన ఏం పూసినా లోపలి కోర్‌కి చేరదు.

తిరిగి బిగించేటప్పుడు మెమరీ చిప్‌ల మీది థర్మల్ ప్యాడ్ ఒకటి చిరిగింది. మర్నాడు టెంపరేచర్లు పెరిగిపోయాయి. కొత్త ప్యాడ్‌లు, పేస్ట్ తెప్పించే దాకా పీసీ ఆన్ చేయలేదు. కీచు మాత్రం అలాగే ఉంది. నేను పొడిచిన స్టిక్కర్ వారంటీది. కొన్న వారంలోనే రీప్లేస్‌మెంట్ అడిగే దారిని నా చేత్తో నేనే మూసేసుకున్నా.

కాబట్టి కార్డ్ విప్పొద్దు, చోక్‌ల మీద ఏదీ పూయొద్దు. పవర్ సప్లై మూత అయితే ఏ పరిస్థితిలోనూ తీయొద్దు. ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజ్ నిలిచి ఉండొచ్చు.

'రాత్రంతా బెంచ్‌మార్క్ నడిపితే కీచు దానంతట అదే పోతుంది' అనే మాట కూడా వింటారు. నేను రెండు రాత్రులు నడిపాను. చెల్లి నిద్రపోలేదు, అంతకుమించి మార్పేమీ లేదు.

కొత్త కార్డ్ కొన్నారా? మొదటి రోజే ఇది చేయండి

రీప్లేస్‌మెంట్ గడువు కొద్ది రోజులే ఉంటుంది, మీ బిల్లులో చూసుకోండి. మొదటి రోజే క్యాప్ లేకుండా ఒక మెనూ, ఒక బరువైన గేమ్ నడిపి వినండి. శబ్దం వస్తే ప్యానెల్ మూసి, మీరు కూర్చునే చోటు నుంచి ఫోన్‌లో వీడియో తీయండి. కాయిల్ వైన్‌ని లోపంగా ఒప్పుకోని వారంటీ రూల్స్ చాలానే ఉన్నాయి. అందుకే గడువు లోపల అమ్మిన షాప్‌ని అడగడమే తేలిక. 60 ఎఫ్‌పీఎస్ క్యాప్ దగ్గర, ప్యానెల్ మూసినా అవతలి గదిలోకి వినిపిస్తే మాత్రం మొహమాటపడకుండా మార్చమని అడగండి.

చివరికి ఏమైంది?

జిగురు కథ ముగిశాక, దిక్కుతోచక ఎఫ్‌పీఎస్ క్యాప్ 141 పెట్టాను. మెనూలో కీచు పూర్తిగా పోయింది. తర్వాత అండర్‌వోల్ట్ చేశాను. బాగైందని నాకు అనిపించింది, కానీ డబ్బు పెట్టినవాడి చెవిని నమ్మకూడదు కదా. అందుకే చెల్లికి చెప్పకుండా రోజుకొక సెట్టింగ్ మార్చి, పడుకునే ముందు "ఇవాళ కీచురాయి వచ్చిందా?" అని అడిగేవాణ్ని. క్యాప్, అండర్‌వోల్ట్ రెండూ ఉన్న రోజుల్లో "రాలేదు" అంది. అండర్‌వోల్ట్ తీసేసిన రోజు మాత్రం "కొంచెం" అంది. అంతకంటే మంచి రివ్యూ నాకక్కర్లేదు.

పూర్తిగా పోయిందా అంటే, లేదు. ప్యానెల్ తీసి చెవి దగ్గర పెడితే ఇప్పటికీ సన్నగా వినిపిస్తుంది. రెండడుగుల దూరంలో సీలింగ్ ఫ్యాన్ శబ్దంలో కలిసిపోతుంది. ఖర్చు సున్నా, పట్టిన టైమ్ అరగంట. ఆ అరగంట మొదటి రోజే పెట్టి ఉంటే, రీప్లేస్‌మెంట్ అడిగే అవకాశం కూడా నా చేతిలోనే ఉండేది.

మీ కార్డ్ కీచుమంటే స్క్రూడ్రైవర్ సొరుగులోనే ఉంచి, ముందు సెట్టింగ్స్ తెరవండి.